వేలంపాటలో నాకు దక్కిన మాకా దుంపలు

అప్పట్లో న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాల్లో పెళ్ళికాని కుర్రాడికి ఎంత విలువ ఉండేదో తెలియాలంటే, ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకు ఎవరు ఏం తేవాలో పంచుకునేటప్పుడు ఓ పక్కగా నిలబడి వింటే సరిపోయేది. కోడికూర ఒక ఆంటీకి, పులిహోర ఇంకో ఆంటీకి, గారెలు మరో ఇద్దరికి వెళ్ళిపోయాక, అమ్మగారు (మా సంఘంలో పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటాం) నా వంక జాలిగా చూసి, "నువ్వు పేపర్ ప్లేట్లు పట్రా నాయనా, వంటా గింటా నీకెందుకు శ్రమ" అనేవారు. తిట్టినవాళ్ళను క్షమించవచ్చు గానీ జాలిపడ్డవాళ్ళను క్షమించడం మహా కష్టం. నేను చీరాలలో పుట్టినవాణ్ణి. మా అమ్మమ్మ పక్కన పీట వేసుకుని ఎండుచేపల పులుసు దగ్గర్నుంచి కంద బచ్చలి దాకా నేర్చుకున్నవాణ్ణి. ఆ సంగతి చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేరు. ఎవరింట్లో పుట్టినరోజైనా, ఎవరి గృహప్రవేశమైనా నా చేతిలో మాత్రం ప్లేట్ల కట్ట, పైన గ్లాసుల గొట్టం. కోరిక పెద్దదేమీ కాదు. ఒక్కసారి ఆ పొడుగాటి బల్ల మీద నేను వండిన గిన్నె ఉండాలి, అది వండింది నేనని మైకులో చెప్పాలి. ఇంతకంటే అత్యాశ నాకు ఆ వయసులో ఇంకొకటి లేదు (గ్రీన్ కార్డు ఉంది గానీ, అది అందరికీ ఉండే ఆశే).

ఆ మైకు ఒక సంఘ పెద్ద చేతిలో ఉండేది. ఆయన్ని మేమందరం మైక్ అంకుల్ అనేవాళ్ళం. ప్రార్థన అయినా, ప్రకటన అయినా, ఎవరి కారు లైట్లు ఆర్పలేదో చెప్పడమైనా ఆయన గొంతులోంచే రావాలి. మనిషి చెడ్డవాడని ఇప్పటికీ అనను. కాకపోతే నవ్వించడానికి ఆయనకు ఎప్పుడూ ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఎప్పుడూ నేనే కావాలి. నేను ఆ సంఘంలో చేరిన కొత్తలో, పాటల బృందం ముందు నన్ను చూపించి, "ఈ బ్రదర్ చక్కగా పాడతాడు, మైకు ఆఫ్‌లో ఉంటే" అన్నాడు. ఆ రోజు ఎవరెవరు నవ్వారో, ఏ వరుసలో కూర్చుని నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను.

మేం ఆరాధన చేసుకునే మందిరం మాది కాదు. పొద్దున అమెరికన్ సంఘం, మధ్యాహ్నం మేము, సాయంత్రం స్పానిష్ మాట్లాడే సంఘం ఒకే భవనాన్ని పంచుకునేవాళ్ళం. కింద నేలమాళిగలో ఒక హాలు, దానికి ఆనుకుని ఒక వంటగది. ఆ వంటగదిలో ఎవరి అలమర వాళ్ళది. ఆ ఏడాది కోత పండుగ వచ్చింది. మా కోస్తా సంఘాల్లో పండిన దాంట్లో మొదటి భాగం తెచ్చి దేవుడికి అర్పించి, తర్వాత అక్కడే వేలం వేయడం ఆనవాయితీ. చీరాలలో అయితే ధాన్యం బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు వస్తాయి. న్యూజెర్సీలో పెరట్లో కాసిన సొరకాయలు, కుండీల్లో కరివేపాకు మొక్కలు, ఆవకాయ సీసాలు, ఆంటీలు చేసిన కేకులు వచ్చేవి. ఆ వేళ బల్ల మీద వాటి మధ్యన ఒక గుడ్డ సంచి కూడా కనిపించింది. మైక్ అంకుల్ దాని మూతి విప్పి చూశాడు. లోపల ఎండి గిడసబారిన చిన్న చిన్న గుండ్రటి దుంపలు. కొన్ని పసుపు, కొన్ని గోధుమ, కొన్ని నలుపు. ఒక దాన్ని బల్ల మీద కొడితే రాయి కొట్టినట్టు మోగింది.

"ఇదెవరు తెచ్చారో పేరు చెప్పలేదు. పర్లేదు, దేవుడికి తెలుసు!" అన్నాడు.

"కుంకుళ్ళు అయ్యుంటాయండీ" అంది ఒక ఆంటీ.

"ఇంతలావు కుంకుళ్ళా! ఎండబెట్టిన ముల్లంగులు, వాసన చూడు" అంది ఇంకో ఆంటీ.

ఎవరూ పాట మొదలుపెట్టలేదు. మైక్ అంకుల్ హాలంతా చూసి చూసి, అనుకున్నంతా చేసి, నా దగ్గర ఆగాడు. "ఏం తమ్ముడూ, పాడతావా? వద్దులే, నీళ్ళు మరిగించడం కూడా యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే బ్యాచ్ మీది!" అందరూ నవ్వారు. అమ్మగారు కూడా, చీర కొంగు అడ్డం పెట్టుకుని. నేను చెయ్యెత్తాను. ఆయన వెంటనే సరదాగా తనే పాట పెంచాడు. నేను మళ్ళీ పెంచాను. మైకు పట్టుకున్నవాడే పాట పెంచడం ఏ సంఘం నిబంధనల్లో ఉందో నాకు ఇప్పటికీ ఎవరూ చూపించలేదు. మొత్తానికి ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయ్యాక, ఆ రాళ్ళ సంచి నాదైంది. నేను దాన్ని చంకన పెట్టుకుని, మైకు అవసరం లేనంత గట్టిగా చెప్పాను. "క్రిస్మస్ విందుకు దీంతో వంట చేసి తెస్తాను. ఆ రోజు ప్లేట్లు ఇంకెవరికైనా చెప్పండి."

అవేమిటో, వాటిని తింటారో లేదో కూడా నాకు తెలియదు.

మరుసటి ఆదివారం తెలిసింది. అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, ఆ సంచి కోత పండుగకు ఎవరూ తెచ్చినది కాదనీ, స్పానిష్ సంఘంలో ఒక పెద్దావిడదనీ, ఆవిడ వంటగది బల్ల మీద పెట్టుకున్నదాన్ని మనవాళ్ళెవరో పొరపాటున హాల్లోకి తెచ్చారనీ చెప్పారు. వాటి పేరు మాకా. పెరూ దేశంలో, వేరే పంటలు బతకనంత ఎత్తున్న కొండల మీద పండుతాయట. ఆవిడ అక్క అక్కడి నుంచి పంపిందట. "ఇచ్చెయ్ నాయనా, వాళ్ళ ముందు మన పరువు పోతుంది" అన్నారు. నేను ఇచ్చేద్దామనే అనుకున్నాను, దేవుడి సాక్షిగా. సరిగ్గా అప్పుడే వెనకనుంచి మైక్ అంకుల్, "ఇచ్చెయ్యవయ్యా, ఉంచుకుని మాత్రం ఏం చేస్తావ్? అలమరలో పెట్టి చూసుకుంటావా?" అన్నాడు. ఇంకెక్కడ ఇస్తాను! "మీది కానిదాన్ని వేలం వేసింది మీరు, మధ్యలో దొంగలా నిలబడింది నేను. ముందు మీరు నాకు సారీ చెప్పండి, తర్వాత సంచి ఇస్తాను" అన్నాను. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. సారీ రాలేదు, సంచి వెళ్ళలేదు.

ఇక వండి చూపించడమే మిగిలింది. నాతో అపార్ట్‌మెంట్ పంచుకునే హైదరాబాద్ మిత్రుడు, "ఎండుచేపలకే ఓర్చుకున్నం బ్రో, గీ మట్టి వాసన నా వల్ల కాదు" అన్నాడు. అందుకని సగం సంచి నానబెట్టి, ఒక శనివారం మిగతా సగంతో సహా మందిరం వంటగదికి పట్టుకెళ్ళాను. ఎలా వండాలో ఇంటర్నెట్‌లో చూడొచ్చు కదా అంటారేమో. చూశాను. అక్కడ అందరూ పొడి గురించే రాశారు, దాన్ని అరటిపండుతో కలిపి మిక్సీలో తిప్పి తాగమన్నారు. దుంప గురించి మా అమ్మమ్మ కంటే వాళ్ళకేం తెలుసు అనుకున్నాను. ముక్కూ మొహం తెలియని దుంప ఏదైనా సరే, ముందు చింతపండు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి వండాలన్నది అమ్మమ్మ శాస్త్రం. కందకైతే దురద పోతుంది, ఎండుచేపకైతే నీచు పోతుంది. నేను ఆ రెండింటికీ చేసే మర్యాద మాకాకీ చేశాను. వేడి నీళ్ళలో ఉడికించి, మెత్తబడ్డాక చిదిపి, బెల్లం వేసి, పాయసం చేద్దామని పాలు పోశాను. పోసీ పోయకముందే పాలు విరిగిపోయాయి. గిన్నెలో గోధుమరంగు ముద్దలు ఒక పక్క, పచ్చటి నీళ్ళు ఒక పక్క. బురదలో మజ్జిగ పోసినట్టుంది.

అప్పుడే లోపలికి వచ్చింది ఆవిడ. పొట్టి మనిషి, రెండు జడలు, ఊదారంగు స్వెట్టర్. మర్నాటి ఆరాధనకు హాలు ఊడ్చుకోవడానికి వచ్చింది. అయ్యగారు చెప్పిన పెద్దావిడ ఈవిడేనని అర్థమై, నేను మనసులో పెరూ మామ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ ఇంగ్లీషు విరుపులు విరుపులుగా ఉండేది, అయినా నా స్పానిష్ కంటే నయం, నాకు ఒక్క ముక్క రాదు కనక. గిన్నెలోకి చూసింది. గరిటెతో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది.

"నానబెట్టిన నీళ్ళు ఏవి?"

"పారబోశాను."

"పారబోశావా!" రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "రాత్రంతా నానిన నీళ్ళు! రుచంతా అందులోనే ఉంటుంది. మరి ఈ పులుపేమిటి?"

"చింతపండు."

"ఎందుకు?"

"దురద పోవడానికి."

"ఏ దురద?"

ఆవిడ నా వంక, గిన్నె వంక, మళ్ళీ నా వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. వింతేమిటంటే, ఆ నవ్వు నాకు గుచ్చుకోలేదు. బహుశా నన్ను చూసి ఒకరు నవ్వితే బాధపడకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

మిగిలిన సంచి ఆవిడ ముందు పెట్టి, "ఇవి మీవేనట, తీసుకోండి" అన్నాను. ఆవిడ సంచిని నా వైపుకే నెట్టింది. దేవుడి పేరు చెప్పి అమ్మేసినదానికి మళ్ళీ చెయ్యి చాపకూడదంది. కానీ ఒక మాట చెప్పింది. ఆవిడ కొడుకు దేశమంతా తిరిగే ట్రక్కు నడుపుతాడు. క్రిస్మస్‌కు ఇంటికి వస్తే వాడికి పెట్టేది ఇదే, ఇంకేదీ వాడికి పండుగ అనిపించదు. "నువ్వు వండు. నేను పక్కన ఉంటాను. నీ బల్లకూ, మా అబ్బాయికీ చాలుతుంది. నీళ్ళు కొంచెం ఎక్కువ పోద్దాం" అంది. ఆ ఏడాది క్రిస్మస్ విందు రెండు సంఘాలూ కలిసి చేసుకోవాలని అయ్యగార్లు ముందే అనుకున్నారు కనక, ఆ మాట అన్ని విధాలా కుదిరింది.

విందుకు ముందురోజు దుంపలు కడిగి నానబెట్టాం. మర్నాడు పొద్దున్నే ఆ నానిన నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టి, దాల్చినచెక్క, లవంగాలు వేసింది. నురుగు పొంగి పైకి వస్తుంటే గిన్నె మీద అడ్డంగా ఒక చెక్క గరిటె పెట్టి, "ఇప్పుడు కూర్చో" అంది. మాకా ఉడకడమంటే అంత త్వరగా తేలే పని కాదు. కూర్చోబెట్టి ఏమీ మాట్లాడకుండా ఉండమంటే నా వల్ల కాదు. పేపర్ ప్లేట్ల దగ్గర మొదలుపెట్టి, పాటల బృందం, వేలంపాట, అమ్మగారి కొంగు చాటు నవ్వు, పదో తరగతిలో నా సీటు లాక్కున్న క్లాస్ లీడరు దాకా అన్నీ చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, "మా అక్క కూడా నీలాంటిదే. నా పెళ్ళిలో ఎవరో తనకు కుర్చీ వెయ్యలేదని ఇప్పటికీ ఫోన్లో ఏడుస్తుంది" అని, గరిటె తిప్పుతూ, "కానీ మాకా మాత్రం ప్రతి ఏడాదీ పంపుతుంది" అంది.

దుంపలు మెత్తబడ్డాక రోట్లో దంచినట్టు దంచాం. తీపికి వాళ్ళు చాంకాకా అనే ముద్ద వేస్తారట, తన దగ్గర అయిపోయిందంది. నేను ఓక్ ట్రీ రోడ్డులో ఇండియన్ కొట్లో కొన్న బెల్లం అచ్చు తీసి ఇచ్చాను. నాకింది, కళ్ళు పెద్దవి చేసింది. "ఇది చాంకాకాయే! మీ దేశంలోనూ ఉందా?" బెల్లం, బెల్లం అని రెండు మూడుసార్లు అనుకుంది. చిక్కదనానికి కాస్త బంగాళదుంప పిండి కలిపి, పాలు అన్నిటికన్నా ఆఖర్న, సన్నటి మంట మీద పోయించింది. విరగలేదు. వంటగది అంతా వేయించిన వెన్న వాసన, దాని వెనక ఆవాల ఘాటులాంటిది ఏదో. తమ ఊళ్ళో మిగతావాళ్ళు దీన్ని పులియబెట్టి తాగుతారనీ, తాము భక్తిపరులు కనక ముట్టుకోమనీ గంభీరంగా చెప్పింది. తర్వాత చుట్టూ చూసి, "చిన్నప్పుడు తాగాను. బాగుంటుంది" అంది. యాలకులు వెయ్యనా అని భయం భయంగా అడిగితే, "నీ వంట కదా, వెయ్" అంది.

నీ వంట కదా. ఆ మాట పట్టుకుని సాయంత్రం దాకా గాల్లో తేలాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పొడుగాటి బల్ల మీద కోడికూరకూ పులిహోరకూ మధ్యన గిన్నె నా చేత్తో పెట్టాను. పక్కన వాళ్ళ బల్ల మీద మొక్కజొన్న, బంగాళదుంపలు, కాల్చిన కోళ్ళు. జనం వరుసలో వచ్చి మాకా పాయసం వడ్డించుకున్నారు, మళ్ళీ వచ్చి వడ్డించుకున్నారు. "జున్నులా ఉందే!" అంది ఒక ఆంటీ. నేను గోడకు ఆనుకుని నిలబడి, వినయంగా ఎలా తల దించుకోవాలో రిహార్సల్ చేసుకుంటున్నాను. మైక్ అంకుల్ మైకు తట్టాడు. కోడికూర సిస్టర్‌కు వందనాలు, పులిహోర ఆంటీకి వందనాలు, గారెలకు వందనాలు. "మన స్పానిష్ సంఘం పెద్దమ్మగారు ప్రేమతో చేసి పెట్టిన ఈ పాయసానికి ప్రత్యేకంగా వందనాలు!" చప్పట్లు. "అలాగే, ఎప్పటిలాగే ప్లేట్లూ గ్లాసులూ తెచ్చిన మన తమ్ముడికి కూడా!" ఇంకా పెద్ద చప్పట్లు, ఈలలు.

ఆ రోజు ప్లేట్లు నేను తేలేదు కూడా!

ఆయన మైకు స్పానిష్ సంఘం వైపు అందిస్తూ ఉండగా నేను కోటు తీసుకున్నాను. మెట్లెక్కి, పార్కింగ్‌లో మంచు దులుపుకుని, కారెక్కి ఇంటికెళ్ళి పెరుగన్నం తిన్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి వేరే ఊళ్ళో ఉన్న ఇంకో తెలుగు సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టాను (అక్కడ కూడా ప్లేట్లే తెమ్మన్నారు, కానీ వాళ్ళకు నా సంగతి తెలియదు కనక క్షమించాను). చలికాలమంతా అలా పంతం పట్టి, ఈస్టర్‌కు, ఎవరైనా బతిమాలతారేమో చూద్దామని, పాత మందిరానికి వెళ్ళాను. పెరూ మామ్మకు ఇద్దామని అచ్చు బెల్లం కూడా పట్టుకెళ్ళాను. వంటగదిలో వాళ్ళ అలమర ఖాళీగా ఉంది. స్పానిష్ సంఘం సొంత భవనం కొనుక్కుని కొత్త సంవత్సరంలోనే వెళ్ళిపోయిందట. పేటర్సన్ వైపో, ఇంకా అవతలో, ఎవరికీ సరిగ్గా తెలియదు.

ఖాళీ అలమర ముందు నిలబడి ఉంటే వెనకనుంచి మైక్ అంకుల్ వచ్చాడు. చేతిలో మైకు లేకపోతే ఆయన గొంతు చాలా చిన్నది.

"ఎక్కడికి పోయావయ్యా ఆ రోజు? పార్కింగ్ లాటంతా తిరిగాను నీకోసం, టై కట్టుకుని, మంచులో."

"ఎందుకు?"

"ఎందుకేంటి! ఆ పెద్దావిడ మైకు తీసుకుని నీ పేరు చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. నాకు స్పానిష్ ఎక్కడ వస్తుంది, నీ పేరు వినపడుతుంటే ఏదో కంప్లైంట్ చేస్తుందనుకున్నా. తర్వాత వాళ్ళబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు. వండింది తను కాదు, నువ్వని. తను కుర్చీలో కూర్చుందంతేనని. వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి మనవాళ్ళూ లేచారు."

"అందరూనా?"

"అమ్మగారు కూడా. ఆ పెద్దావిడేమో ఒక గిన్నెలో పాయసం పోసి పట్టుకుని మెట్ల వైపు చూస్తూ నిలబడింది. ముందు నువ్వు తినాలంట, అప్పటిదాకా కొడుకుని తిననివ్వలేదు. ఆ కుర్రాడు అంత దూరం బండి నడుపుకుంటూ వచ్చి, చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాడు పాపం. నాకు సిగ్గేసిందనుకో." అలమర తలుపు దగ్గరగా వేసి, "సారీ" అన్నాడు. ఆ పదం కోసం నేను కోత పండుగ నుంచీ కాచుకుని ఉన్నాను. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి నాకు ఫోన్ చెయ్యచ్చుగా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"చేశానయ్యా! ఎన్నిసార్లు చేసినా రింగే అవలేదు."

వేలంపాట రోజునే ఆయన నంబరు బ్లాక్ చేశానన్న సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత పేటర్సన్ చాలాసార్లు వెళ్ళాను. అక్కడి పెరూ దుకాణాల్లో మాకా దుంపలు దొరుకుతాయి, ఊదారంగు స్వెట్టర్లు వేసుకున్న పెద్దావిడలు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఆవిడ లేదు. పేరు అడిగి వెతుకుదామంటే నేను ఏనాడూ ఆవిడ పేరు అడగలేదు, నా పేరు మైకులో ఎవరు చెబుతారా అన్న ధ్యాసలో. ఇప్పుడు మాకా పొడి ఏ సూపర్ మార్కెట్‌లో చూసినా ఉంటోంది. తర్వాత మేం మారిన ఫ్రిస్కో ఊళ్ళో, మా ఇంట్లో నా భార్య దాన్ని స్మూతీలో వేస్తుంది. నేను మాత్రం డిసెంబరులో ఎండు దుంపలు తెప్పించి, నానిన నీళ్ళతోనే ఉడికించి, పాలు ఆఖర్న పోస్తాను. రుచి సరిగ్గానే కుదురుతుందనుకుంటాను. ఆ రోజు గిన్నెలోది నేను రుచి చూడనే లేదు కనక పోల్చుకోవడానికి లేదు. బల్ల మీద నా గిన్నె ఉంది, నా పేరూ చెప్పారు, అందరూ లేచి నిలబడ్డారు. అన్నీ జరిగాయి, నేను తప్ప అందరూ చూశారు. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు, హీటర్ పెంచుకుని, మనసులో ఒక్కొక్కరి పేరూ తలుచుకుని తిట్టుకుంటూ టర్న్‌పైక్ హైవే మీద పోతూ ఉండటం తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత జాలి, ఆఖరికి నవ్వు.

ఇప్పుడు ఏ విందుకు వెళ్ళినా అందరికన్నా ఆఖర్న లేచేది నేనే. కుర్చీలు మడతపెట్టేస్తుంటారు, పిల్లలు కారులో నిద్రపోతుంటారు, మా ఆవిడ గుమ్మం దగ్గర కోటు పట్టుకుని నిలబడి, "అయిపోయింది కదండీ, ఇంకా ఏం చూస్తున్నారు?" అంటుంది. "ఉండు, ఇంకా ఎవరైనా మాట్లాడతారేమో" అంటాను.